సైకిలంటే ప్రాణం, ఈతంటే గండం: మూడింటికీ సమానంగా టైమ్ ఇవ్వాల్సిందేనా?

పెడల్ పరమేశం (హైదరాబాద్)

అందరికీ నమస్తే. వయసు 38, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పోయిన సీజన్‌లో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోపల తొక్కాల్సిన దూరప్రయాణాలు) నాలుగూ పూర్తిచేసి సూపర్ రాండనీర్ అయ్యాను. ఆ ఊపులో ఉండగా ఆఫీసు మిత్రులు గోవా ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయాథ్లాన్‌కి నా పేరు కూడా ఇచ్చేశారు. మూడూ ఒకేరోజు వరసగా చేయాలి: సముద్రంలో 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు.

ఇంటర్నెట్‌లో దొరికే ప్లాన్‌లన్నీ మూడింటికీ దాదాపు సమానంగా రోజులు పంచమంటున్నాయి. నాకు వారానికి ఎనిమిది తొమ్మిది గంటలకు మించి కుదరదు. పొద్దున లేస్తే నా చేయి హెల్మెట్ మీదికే పోతుంది. ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ వచ్చాక మరీను, వాన పడ్డా ఎండ కాసినా సాకు దొరకదు. కొలనుకి మాత్రం వారానికోసారి, అదీ మొహమాటానికి వెళ్తున్నాను.

నా వాదన ఇది. రేసులో సగం సమయం సైకిల్ మీదే గడుస్తుంది. కాబట్టి ఈతలో కటాఫ్ లోపల గట్టెక్కి, సైకిల్ మీద అందరినీ దాటేసి, పరుగు ఎలాగోలా లాగించేస్తే తప్పేంటి? పతకాలు కొట్టేవాణ్ని కాదు, ఊరికే పూర్తిచేస్తే చాలు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

భీమిలి చేప (విశాఖపట్నం)

పరమేశం గారూ, నాది సరిగ్గా మీకు తిరగేసిన కథ. చిన్నప్పటి నుంచీ సముద్రం పక్కనే పెరిగాను. గోవాలో నీళ్లలోంచి నేను బయటికొచ్చేసరికి సైకిళ్ల స్టాండ్ నిండా సైకిళ్లే, మనిషి లేడు. అదేదో గొప్ప అనుకునేరు. తర్వాత 90 కిలోమీటర్లూ నా పక్కనుంచి జనం వెళ్తూనే ఉన్నారు. నాకంటే పదేళ్లు పెద్దాయన ఒకరు దాటుతూ "బాగుందా తమ్ముడూ" అని పలకరించి మరీ వెళ్లారు. ఈతలో సంపాదించుకున్న నిమిషాలన్నీ మొదటి గంటలోనే చెల్లిపోయాయి.

ఇంత జరిగినా ఇవాళ పొద్దున ఎక్కడికి వెళ్లానంటారా? రుషికొండకే, ఈతకే. సైకిల్ టైర్లలో గాలి ఉందో లేదో కూడా చూడలేదు.

లెక్కల మాస్టారు (గుంటూరు)

ఇద్దరి బాధకీ ఒకటే కారణం, లెక్క వేసుకోకపోవడం. నేను వేసి పెడతాను.

ఈత 1.9 కి.మీ. వంద మీటర్లకు 3 నిమిషాల చొప్పున వెళ్తే 57 నిమిషాలు. దాన్ని రెండున్నర నిమిషాలకు తగ్గిస్తే నలభై ఏడున్నర. అంటే తొమ్మిదిన్నర నిమిషాల లాభం. పెద్దవాళ్లయ్యాక ఈత నేర్చుకున్నవాళ్లకి వందకు అర నిమిషం తగ్గించడమంటే నెలల తరబడి పని.

సైకిల్ 90 కి.మీ. గంటకు 28 కి.మీ. వేగమైతే సుమారు 3 గంటల 13 నిమిషాలు, 30 అయితే సరిగ్గా 3 గంటలు. లాభం 13 నిమిషాలు.

పరుగు 21.1 కి.మీ. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలైతే 2 గంటల 38 నిమిషాలు, 6 నిమిషాలైతే 2 గంటల 7 నిమిషాలు. లాభం అరగంట పైనే.

బట్టలు, బూట్లు మార్చుకునే చోట్ల ఇంకో పది పన్నెండు నిమిషాలు వేసుకోండి. మొత్తానికి 8 గంటల 30 నిమిషాల గడువు. ఇక ఎవరు ఎక్కడ టైమ్ పెట్టాలో మీరే చూసుకోండి.

పెడల్ పరమేశం

మాస్టారూ, మీ లెక్క ప్రకారం నేనన్నదే కరెక్టు కదా! ఈతలో నెలల తరబడి కష్టపడితే తొమ్మిది నిమిషాలు. సైకిల్ మీద ఇంకాస్త తొక్కితే పదమూడు. నా ఓటు సైకిల్‌కే.

లెక్కల మాస్టారు

మీకు కావలసిన లైను మాత్రమే చదివారు. మీ సైకిల్ వేగం ఇప్పటికే బాగుంది. మంచి సైక్లిస్టు 30 నుంచి 32కి పోవాలంటే ఎంత చెమట కారాలో మీకు తెలుసు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు ఇంకా త్వరగా పెరుగుతుంది. అదే శ్రమ పరుగు మీద పెడితే దానికి రెండింతల నిమిషాలు దొరుకుతాయి.

అసలు నష్టం ఇంకోటుంది. సైకిల్ మీద "అందరినీ దాటేసి" అన్నారు చూశారా, అక్కడే కొంప మునుగుతుంది. 90 కిలోమీటర్లు పంతానికి తొక్కి దిగినవాడు పరుగులో పదో కిలోమీటరు దగ్గర నడక మొదలెడతాడు. మిగిలిన పదకొండూ కిలోమీటరుకు పది నిమిషాల చొప్పున నడిస్తే గంటా యాభై నిమిషాలు. అదే ఏడున్నర చొప్పున మెల్లగా పరిగెత్తినా గంటా ఇరవై మూడు. సైకిల్ మీద సంపాదించిన పదమూడు నిమిషాలకి ఇక్కడ ఇరవై ఏడు కట్టాలి.

పొద్దున్నే పరుగు (మియాపూర్)

మీ అందరి మాటలూ చదువుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. మీరంతా ఏది ఇష్టం, ఏది లాభం అని మాట్లాడుతున్నారు. నాలాంటి వాళ్లకి ఏది కుదిరితే అదే ఇష్టం.

నేను పరుగు మనిషిని. ఎందుకంటే బూట్లు వేసుకుని గేటు దాటితే చాలు. మా దగ్గర ఉన్న ఈత కొలనులో లేడీస్ బ్యాచ్ రోజుకి ఒకే ఒక గంట, అదీ పిల్లల స్కూల్ బస్ వచ్చే టైముకి. వేసవిలో అయితే సమ్మర్ క్యాంపు పిల్లలతో నిండిపోయి పది మీటర్లు కూడా నేరుగా ఈదలేం. చలికాలం మూసేస్తారు. సైకిల్ సంగతి సరే సరి. తెల్లవారుజామున ఒంటరిగా హైవే మీద తొక్కడానికి ఇంట్లో ఒప్పుకోరు, నాకూ ధైర్యం చాలదు. సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు, ట్రైనర్ అంటారే, అది కొనుక్కుని బాల్కనీలో తొక్కుతున్నాను. ఎదురింటి ఆంటీ "ఎక్కడికమ్మా ప్రయాణం" అని రోజూ అడుగుతుంది.

కాబట్టి మూడూ సమానంగా చేయండి అని సలహా ఇచ్చేవాళ్లు ముందు ఎవరికి ఏది అందుబాటులో ఉందో అడగాలి.

కొత్తగా వచ్చాను (ఖమ్మం)

హాయ్ అందరికీ. లక్ష లోపు మంచి రోడ్ బైక్ చెప్పండి. కార్బనా, అల్యూమినియమా?

నిర్వాహకుడు

తమ్ముడూ, దానికి వేరే చర్చ ఉంది, పైన "కొనుగోళ్లు" విభాగంలో అడుగు. ఇక్కడ ఇంకొకరు కార్బన్ అన్నారంటే మూడు పేజీలు పోతాయి.

మోకాలి వైద్యం (విజయవాడ)

నేను ఫిజియోథెరపిస్టుని. ట్రయాథ్లాన్ వాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదటి ప్రశ్న ఒకటే అడుగుతాను: "అంతకుముందు మీరు ఏం ఆడేవారు?" జవాబు వింటే నొప్పి ఎక్కడుంటుందో సగం తెలిసిపోతుంది.

సైకిల్ నుంచి వచ్చినవాళ్లకి గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉంటాయి. అదే ప్రమాదం. ఆయాసం రాదు కాబట్టి మొదటి వారంలోనే పది కిలోమీటర్లు పరిగెత్తేస్తారు. కానీ సైకిల్ మీద శరీరం బరువు సీటు మీద ఉంటుంది, ఎముకలకీ, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులకీ నేలదెబ్బ అలవాటు ఉండదు. దమ్ము వారాల్లో పెరుగుతుంది, స్నాయువు గట్టిపడటానికి నెలలు పడుతుంది. పిక్క కింద, మడమ వెనక, పాదం అడుగున నొప్పులతో వచ్చేది ఎక్కువగా వీళ్లే. పరమేశం గారూ, "పరుగు ఎలాగోలా లాగించేస్తే" అన్న మీ మాట చదివి నాకు టెన్షన్ వచ్చింది.

పరుగు నుంచి వచ్చినవాళ్లకి చీలమండలు బిగుసుకుని ఉంటాయి. నీళ్లలో పాదం వెనక్కి చాచుకోదు. ఎంత తన్నినా ముందుకి కదలరు, కొందరైతే తన్నేకొద్దీ వెనక్కి పోతారు. ఇది సరదాకి అనడం లేదు, పలక పట్టుకుని కాళ్లతో మాత్రమే ఈదమంటే తెలిసిపోతుంది.

ఈత నుంచి వచ్చినవాళ్లకి అదే చీలమండ మరీ వదులుగా ఉంటుంది. నీళ్లలో వరం, గతుకుల రోడ్డు మీద బెణుకు. భీమిలి చేప గారు గమనించాలి.

మీకు నచ్చింది ఎక్కువ చేయండి, ఎవరూ కాదనరు. నచ్చనిదాన్ని మాత్రం వారానికోసారి గంటన్నర కాకుండా, మూడుసార్లు అరగంట చొప్పున చేయండి. ఈతకైతే ఇది మరీ ముఖ్యం. నీటి మీద పట్టు త్వరగా జారిపోతుంది. వారం తర్వాత వెళ్తే మళ్లీ మొదటికొచ్చినట్టే.

డల్లాస్ దాసు (టెక్సస్)

ఈ గొడవ మనది కాదు సోదరులారా, ఐరన్‌మ్యాన్ పుట్టిందే ఈ గొడవలోంచి. హవాయిలో ఒక రన్నింగ్ పోటీ బహుమతుల సభలో ఈతగాళ్లు గొప్పా, పరుగువాళ్లు గొప్పా అని వాదన వచ్చింది. అక్కడున్న నేవీ అధికారి జాన్ కాలిన్స్ మధ్యలో దూరి, బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ పేరు తెచ్చి మూడో పార్టీ పెట్టాడు. తేల్చుకుందాం రమ్మని ఒవాహు దీవిలో అప్పటికే ఉన్న మూడు పోటీలనీ, అంటే వైకికీ ఈత, దీవి చుట్టూ సైకిల్, హొనొలులు మారథాన్, ఒకే రోజు వరసగా పెట్టారు. 1978 ఫిబ్రవరిలో 15 మంది దిగితే 12 మంది పూర్తిచేశారు. పరుగు మొదలయ్యేసరికి జాన్ డన్‌బార్ ముందున్నాడు. దారిలో అతని మనుషుల దగ్గర నీళ్లు అయిపోయి బీరు అందించారట. వెనకనుంచి వచ్చిన గోర్డన్ హాలర్ పరుగులో దాటేసి, 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లకి ముగించి గెలిచాడు.

ఆ వాదన మాత్రం అప్పుడూ తేలలేదు. మేము ఇక్కడ ఆదివారం ఇడ్లీ ముందు కూర్చుని ఇంకా చేస్తూనే ఉన్నాం.

ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, పెద్దవాళ్ల కోసం మాస్టర్స్ స్విమ్ అని గ్రూపులుంటాయి. అరవై ఏళ్ల వాళ్లు కూడా కోచ్ ముందు లైనులో ఈదుతారు. నాకు ఈత మీద ఏ మాత్రం ప్రేమ లేదు. కానీ నా లైనులో ఉండే ఒక పెద్దావిడ నేను రాకపోతే మర్నాడు నిలదీస్తుంది. ఆ భయానికి వెళ్తున్నాను. పరమేశం, నీకు కావలసింది ప్లాన్ కాదు, నిలదీసే మనిషి.

భీమిలి చేప

దాసన్నా, కథ బాగుంది. కానీ పరుగే గెలిపించింది కాబట్టి అందరూ పరుగు మీద పడాలంటే ఒప్పుకోను. లూసీ చార్ల్స్-బార్‌క్లే సంగతి చూడండి. ఈత నుంచి వచ్చిన అమ్మాయి. కోనాలో (హవాయిలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీ, మన 70.3కి రెండింతల దూరం) ఏటా నీళ్లలోంచి అందరికంటే ముందు రావడం, చివరికి ఎవరో ఒకరు దాటేయడం. 2017, 2018, 2019, 2022, నాలుగుసార్లూ రెండో స్థానమే. 2023లో మొదట్నుంచీ చివరిదాకా ముందే ఉండి, 8 గంటల 24 నిమిషాలతో కోర్స్ రికార్డు పెట్టి గెలిచింది. సైకిల్, పరుగు బాగుచేసుకుంది సరే, ఈత బలాన్ని మాత్రం వదులుకోలేదు కదా.

లెక్కల మాస్టారు

చేప గారూ, ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2017 కోనాలోనే మగవాళ్ల రేసు. కెనడా లయనెల్ శాండర్స్ ఈతలో ఎప్పుడూ వెనకే. సైకిల్ మీద అంతా రాబట్టుకుని పరుగులో చాలా దూరం ముందున్నాడు. చివరి కిలోమీటర్లలో పాట్రిక్ లాంగె దాటేశాడు. లాంగె బలం పరుగు. అయినా వీళ్లంతా దీనిమీదే బతికేవాళ్లు. వారానికి ఎనిమిది గంటలవాళ్లకి వాళ్ల కథ వినోదానికే పనికొస్తుంది.

ఇంకోమాట. ఒలింపిక్స్‌లో, 2000 సిడ్నీ నుంచీ, పురుషులైనా మహిళలైనా ముందువాడి చక్రం వెనక గాలి తగలకుండా దాక్కుని తొక్కొచ్చు. అందుకే అక్కడ ఈతలో గుంపు తప్పిపోతే పని అయిపోయినట్టే. మన రేసుల్లో అలా వెనక దాక్కోవడం నిషేధం, దూరం పాటించాలి. కాబట్టి మనకి ఈతలో వెనకబడితే కొంప మునగదు. ఈ ఒక్క విషయంలో పరమేశం గారి వైపే ఉన్నాను.

పొద్దున్నే పరుగు

మాస్టారు గారూ, ఈతలో వెనకబడితే ఏం కాదు అన్నది కాగితం మీద నిజం. వందకు 3 నిమిషాలతో తీరికగా ఈదేవాళ్లు వేరు, అదే 3 నిమిషాలు చచ్చీచెడీ ఈదేవాళ్లు వేరు. రెండోవాళ్లు ఒడ్డుకొచ్చేసరికి గుండె గొంతులో ఉంటుంది, కళ్లు తిరుగుతాయి, ఉప్పునీళ్లు మింగి కడుపు తిప్పుతుంది. సైకిల్ మీద మొదటి గంట ఏమీ తినలేరు, తాగలేరు. ఆ తినకపోవడం పరుగులో బయటపడుతుంది. గడియారంలో ఈతకి పోయింది తొమ్మిది నిమిషాలే కనపడుతుంది.

లెక్కల మాస్టారు

ఈ పాయింట్ నా పట్టికలో లేదు. ఒప్పుకుంటున్నాను.

నీటిగండం (నల్లగొండ)

ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతా. సైకిలంటే ప్రాణమైతే సైకిలే తొక్కొచ్చుగా? పొద్దున్నే లేచి ఇష్టం లేని పని చేయడానికి ఎంట్రీ ఫీజు కట్టడం ఏంటి? పరుగు, సైకిల్, మళ్లీ పరుగు ఉండే డ్యూయథ్లాన్ ఉంది. ఈత, సైకిల్ మాత్రమే ఉండే ఆక్వాబైక్ ఉంది. గోవాలోనే రిలే ఉంది, ముగ్గురు తలా ఒకటి చేయొచ్చు. బెంగళూరు ఎంపీ తేజస్వి సూర్య 2022లో రిలేలో సైకిల్ ఒక్కటే చేసి, 2024లో మూడూ ఒంటరిగా పూర్తిచేశాడు. మెట్టు మెట్టుగా వెళ్తే పరువేం పోదు.

నిర్వాహకుడు

ఎంపీ గారి సైకిల్ వరకే ఉంచుదాం. దీని కింద వచ్చిన నాలుగు రాజకీయ వ్యాఖ్యలు తీసేశాను.

పెడల్ పరమేశం

నీటిగండం అన్నా, మీ ప్రశ్నకి రెండు రోజులు ఆలోచించాను. బ్రెవేల్లో నాకు ఇప్పుడు భయం లేదు. 600 కిలోమీటర్లకి 40 గంటలు ఇస్తారు, నిద్ర ఎక్కడ పోవాలో, టీ ఎక్కడ దొరుకుతుందో తెలుసు. మళ్లీ ఏమీ రానివాడిలా నిలబడాలని ఉంది. పక్క లైనులో పదేళ్ల పాప నన్ను దాటుతుంటే ఒళ్లు మండుతుంది, నిజమే. కానీ ఆఫీసులో, ఇంట్లో, సైకిల్ మీద, ఎక్కడా నాకు ఆ అనుభవం లేకుండా పోయింది. అందుకే రిలే వద్దు, మూడూ చేస్తాను.

మీరంతా చెప్పాక ఇలా అనుకుంటున్నాను. సైకిల్ ఆదివారం లాంగ్ రైడ్ ఒకటి, మధ్యలో గంట చొప్పున ఒకటి. దిగిన వెంటనే పది పదిహేను నిమిషాల పరుగు, బ్రిక్ అంటారే అది. ఈత మూడు రోజులు, ముప్పై నలభై నిమిషాలు. పరుగు మూడుసార్లు, డాక్టర్ గారి మాట విని మెల్లగా పెంచుతాను. అంటే సైకిల్ ఎక్కడమే తక్కువ అవుతుంది. ఇది రాస్తుంటేనే చేతులు వణుకుతున్నాయి.

మోకాలి వైద్యం

వణకనివ్వండి. మీ సైకిల్ దమ్ము రెండు రైడ్లతో చాలావరకు నిలబడుతుంది, ఏళ్ల తరబడి కూడబెట్టింది కాబట్టి. మొదటి నెల పరుగులో రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక పెట్టుకోండి. చిన్నతనం అనుకోకండి.

భీమిలి చేప

ఈత గురించి నా తరఫున కొంత, ఎందుకంటే కొలనులో మాత్రమే ఈదినవాళ్లకి సముద్రంలో పాతిక మీటర్లకోసారి పట్టుకోవడానికి గోడ ఉండదు.

మొదటిది, బలం పెంచాలని చూడకండి. నీళ్లు గాలికంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు చిక్కన. అందులో వంకరగా పడుకుని ఎంత లాగినా వృథా. తల ఎత్తితే నడుము మునుగుతుంది, నడుము మునిగితే కాళ్లు లంగరు వేసినట్టే. చూపు కిందికి, ఊపిరి నీళ్లలోనే పూర్తిగా వదలడం, ఈ రెండూ వస్తే సగం ఈత వచ్చినట్టు. సైకిల్ వాళ్లకి తుంటి ముందు కండరాలు బిగుసుకుని ఉంటాయి, అందుకే కాళ్లు ఇంకా దిగుతాయి. ఉప్పునీరు కొంచెం తేలుస్తుంది, అదొక ఊరట. గోవాలో నీళ్లు వెచ్చగా ఉంటాయి కాబట్టి తేల్చే వెట్‌సూట్‌కి అనుమతి ఉండదు, దానిమీద ఆశ పెట్టుకోవద్దు.

రెండోది, ప్రతి ఏడెనిమిది చేతులకోసారి మొసలిలా కళ్లు మాత్రమే పైకి తెచ్చి దారి చూపడానికి నీళ్లమీద తేలే గుర్తు, అంటే బోయ, ఎక్కడుందో చూడటం కొలనులోనే అలవాటు చేసుకోండి. చూడకుండా ఈదితే 1.9 కాస్తా రెండు దాటిపోతుంది.

మూడోది, రేసుకి ముందు కనీసం కొన్నిసార్లు సముద్రంలో దిగాలి. ఒంటరిగా మాత్రం వద్దు, తెలిసినవాళ్లతో, లైఫ్‌గార్డులు ఉన్న చోట. వైజాగ్ రండి. నీళ్లమీద తేలే రంగురంగుల బుడగ నడుముకి కట్టి నేనే తీసుకెళ్తాను. బదులుగా భీమిలి రోడ్డు మీద నాకు సైకిల్ నేర్పాలి. గేర్లు ఎప్పుడు మార్చాలో ఇప్పటికీ తెలియదు నాకు.

పొద్దున్నే పరుగు

ఇదేదో బాగుంది. పరుగు నేర్పడానికి నేనూ వస్తాను, మా ఆయన్ని కూడా తీసుకొస్తా. ఈత చెప్పేటప్పుడు ఆడవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరు ముగ్గురం ఉంటే ధైర్యంగా ఉంటుంది.

భీమిలి చేప

మా చెల్లెలు నాకంటే బాగా ఈదుతుందండీ. తనే చెబుతుంది. నేను పక్కన సైకిల్ తొక్కుతూ పడిపోతుంటాను.

పెడల్ పరమేశం

డీల్. తేదీలు ప్రైవేట్ మెసేజ్‌లో మాట్లాడుకుందాం. సైకిల్ రైల్లో వేసుకొస్తాను, పార్సెల్ ఆఫీసులో ఎలా బుక్ చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తగా వచ్చాను

అన్నా, మీరు ఎలాగూ సైకిల్ తెస్తున్నారు కదా, అది కార్బనా, అల్యూమినియమా?